ఒంగోలు ఆవు, బ్రెజిల్ గడ్డి, మన జమాఖర్చులు

2025 మొదట్లో తెలుగు పత్రికల్లో, టీవీల్లో ఒక వార్త తెగ తిరిగింది. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఒంగోలు జాతి ఆవు 40 కోట్ల రూపాయలకి అమ్ముడుపోయిందని. వెంటనే మిత్రుల దగ్గర్నుంచి సందేశాలు మొదలయ్యాయి. "చూశారా, మన గోమాత మహిమ! హేతువాదులు ఇప్పుడేమంటారు?" అని ఒకరిద్దరు నన్ను ప్రత్యేకంగా అడిగారు కూడా. అనవలసింది కొంచెం ఉంది కాబట్టి ఈ వ్యాసం.

ముందు వార్త సంగతి. అది 2023 నాటి వేలం. అప్పుడు అమ్మింది మొత్తం ఆవుని కాదు, అందులో మూడో వంతు వాటాని. ఆ వాటాకి దాదాపు 70 లక్షల రియాల్‌లు (బ్రెజిల్ రూపాయలనుకోండి) వచ్చాయి. దాన్ని మూడింతలు చేసి ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్ల పైన అని లెక్క కట్టారు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ఆ లెక్కే. ఒక ఆవుని కంపెనీ షేర్లలాగా వాటాలు వేసి అమ్మారంటే కొన్నవాళ్ళకి కావలసింది దాని పాలూ కాదు, పేడా కాదు. దాని అండాలు. వాటితో తయారయ్యే పిండాలు, పుట్టబోయే దూడలు. ఆ దూడలు ఎంత త్వరగా ఎంత బరువు పెరుగుతాయో చెప్పే తరాల రికార్డు. ఆ బరువు దేనికో కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. మాంసానికి.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: మహిమ అంతా ఆవు రక్తంలోనే ఉంటే, అదే రక్తం ప్రకాశం జిల్లాలో ఉన్న రైతుకి ఎందుకు అంత లాభం తేలేదు? ఇక్కడ లేనిది, అక్కడ ఉన్నది ఏమిటి? నా సమాధానం రెండు మాటల్లో చెప్తాను. గడ్డి, లెక్కల పుస్తకం. మిగతా వ్యాసం అంతా దీనికి వివరణే.

సొంత ఊళ్ళో

ఒంగోలు జాతి పుట్టిల్లు కృష్ణకీ పెన్నకీ మధ్య ఉన్న ప్రాంతం. ముఖ్యంగా గుండ్లకమ్మ, మూసీ, పాలేరు పారే ఒంగోలు, కందుకూరు, అద్దంకి వైపు నేలలు. 1904 లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే విదేశీయులు ఈ పశువుల్ని "నెల్లూరు" పశువులన్నారు. బ్రెజిల్‌లో ఈనాటికీ వాటి పేరు "నెలోర్".

ఈ జాతి ఆకాశం నుంచి ఊడిపడలేదు. నల్లరేగడి దుక్కికి బరువైన, బలమైన ఎద్దు కావాలి. ఆ నేలలో జొన్న బాగా పండుతుంది, జొన్న పండితే చొప్ప మిగులుతుంది. రైతులు మేత కోసమని జొన్న ఒత్తుగా విత్తేవాళ్ళు. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోత ముందు పిల్లిపెసర, జనుము చల్లేవాళ్ళు. ఇవి పప్పుజాతి పైర్లు. పశువుకి మాంసకృత్తులు, నేలకి నత్రజని. వ్యవసాయ కాలేజీలు పుట్టకముందే మన రైతుకి ఇది తెలుసు. ఊరికి బీళ్ళు ఉండేవి, దొడ్డికి చొప్ప వాములు ఉండేవి. మంచి పశువుకి వెనక మంచి మేత ఉండేది. మద్రాసు రాష్ట్రంలో పశుసంవర్ధనం చూసిన ఆర్.డబ్ల్యు. లిటిల్‌వుడ్ 1936 లో దక్షిణ భారత పశువుల మీద పుస్తకం రాశాడు. ఒంగోలు జాతి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

ఇంకొకటి ఆబోతు. పెద్దవాళ్ళు పోయినప్పుడు వాళ్ళ పేరు మీద ఒక కోడెదూడకి అచ్చు వేసి దేవుడి పేర వదిలేవారు. అది ఎవరి చేలో మేసినా కర్రెత్తేవాళ్ళు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు. ఇక్కడ హేతువాదిగా నేను నిజాయితీగా ఒప్పుకోవలసిన విషయం ఉంది. ఈ ఆచారం జాతికి మేలే చేసింది. అయితే ఎందుకు చేసింది? ఊరి పెద్దలు, అనుభవం ఉన్న రైతులు ఏరి మంచి దూడనే వదిలినంతకాలం మేలు చేసింది. మొక్కు తీరితే చాలు, చవగ్గా దొరికిన దూడ చాలు అనుకున్నప్పుడు అదే ఆచారం కీడు చేసింది. మంత్రం రెండుసార్లూ ఒకటే. మారింది ఎంపిక. పనిచేసింది ఏదో దీన్ని బట్టే తెలుస్తోంది కదా.

ఓడ ఎక్కిన పశువులు

1868 లో ఇంగ్లండు వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఉన్న రెండు ఒంగోలు పశువుల్ని అక్కడ అమ్మేశారని బ్రెజిల్ వాళ్ళ చరిత్ర మొదలవుతుంది. 1878 లో లెమ్‌గ్రూబెర్ అనే రియో ప్రాంతపు భూస్వామి జర్మనీలో హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒక జంటని కొనుక్కెళ్ళాడు. మన ఎద్దుని మొదట జూలో చూసి మెచ్చుకున్నారన్నమాట! డచ్చివాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇండోనేసియాలోని సుంబా దీవికి తీసుకుపోయారు. అమెరికావాళ్ళు ఒంగోలు, గిర్, కాంక్రేజ్ వంటి జాతులు కలిపి "బ్రాహ్మన్" అనే కొత్త జాతి చేసుకుని, 1924 లో దానికి సంఘం పెట్టుకున్నారు.

అందరికీ వీటిలో కనిపించిన గుణం ఒకటే. ఎండకి తట్టుకోవడం. ఐరోపా ఆవు ఉష్ణదేశంలో రొప్పుతూ నీడ వెతుక్కుంటుంది. మన ఆవు మేస్తుంది. తెల్లటి పొట్టి వెంట్రుకలు, కింద నల్లటి చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు, పిడుదులకి (కొన్నిచోట్ల గోమార్లంటారు) అంతగా లొంగకపోవడం. ఇవి వేల ఏళ్ళ ప్రకృతి వరణం వల్ల వచ్చినవి.

ఈ వ్యాపారంలో ప్రమాదం కూడా ఉంది. 1920 లో మన దేశం నుంచి బ్రెజిల్ పోతున్న పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటితోపాటు ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) దిగింది. బెల్జియంలో పశువులు చచ్చాయి. ఆ భయంతోనే 1924 లో పారిస్‌లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. 1921 లో బ్రెజిల్‌లో కూడా ముసర కనిపించింది, దిగుమతుల మీద నిషేధం పెట్టారు. అదే ముసరని టీకాలతో, నిఘాతో తరిమి తరిమి 2011 లో ప్రపంచం నుంచే లేకుండా చేశారు. మా చిన్నప్పుడు ముసర వస్తే ఊళ్ళో అమ్మవారికి జాతర చేసేవారు. జాతరలు చేసినంతకాలం ముసర ఉంది, టీకా వచ్చాక పోయింది.

ఆ తర్వాత పెద్ద దిగుమతి 1960 ల మొదట్లో. టోరెస్ ఓమెమ్ రోడ్రిగెస్ డ కూన్యా వంటి బ్రెజిల్ పెంపకందారులు స్వయంగా వచ్చి, ఊరూరా తిరిగి, ఏరి కొనుక్కెళ్ళారు. ఆ పశువుల్ని ఫెర్నాండో డి నోరోన్యా అనే సముద్రద్వీపంలో విడిగా ఉంచి, రోగం లేదని తేలాకే దేశంలోకి రానిచ్చారు. వాటిలో ఒక ఆబోతు పేరు "కర్వాది". ఒంగోలు పక్కన ఉన్న మన కరవది ఊరి పేరే. గోదావరి, తాజ్‌మహల్ అనే పేర్లతో కూడా ఆబోతులున్నాయి. ఈనాటి మేలురకం నెలోర్ పశువుల వంశవృక్షం పైకి చూస్తే ఈ కొద్ది పేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

వందేళ్ళలో బ్రెజిల్‌కి పోయిన అన్ని రకాల భారతీయ పశువులూ కలిపి కొన్ని వేలు మాత్రమే. వాటిలో ఎక్కువ మగవి. అక్కడి స్థానిక ఆవులకి ఈ ఆబోతుల్ని దాటించి, పుట్టిన పెయ్యలకి మళ్ళీ ఇవే ఆబోతుల్ని దాటించి తరతరాలుగా మంద పెంచారు. తల్లి వైపు మాత్రమే సంక్రమించే డి.ఎన్.ఎ. ని పరీక్షిస్తే చాలా నెలోర్ ఆవుల్లో ఐరోపా జాతి గుర్తులు బయటపడ్డాయి. "స్వచ్ఛమైన దేశీ రక్తం" అని గర్వపడేవాళ్ళు ఇది గమనించాలి.

రక్తం చాలలేదు

ఇక అసలు విషయానికి వస్తాను. ఒంగోలు రక్తం వెళ్ళిన వందేళ్ళకి కూడా బ్రెజిల్ పశువుల పెంపకం గొప్ప లాభసాటి వ్యాపారం కాలేదు. దేశం మధ్యలో సెరాడో అనే విశాలమైన మైదానం ఉంది. అక్కడి మట్టి ఆమ్లపు మట్టి, భాస్వరం బహు తక్కువ. సహజంగా మొలిచే గడ్డిలో సారం లేదు. వానాకాలంలో పశువు ఒళ్ళు చేస్తుంది, ఎండాకాలంలో చిక్కిపోతుంది. మళ్ళీ వానకి ఒళ్ళు, మళ్ళీ ఎండకి చిక్కడం. అక్కడివాళ్ళు దీన్ని హార్మోనియం తిత్తిలాంటి వాద్యంతో పోల్చి నవ్వుకునేవారు. సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇలా సాగీ ముడిచీ అమ్మకపు బరువుకి రావడానికి నాలుగున్నర, అయిదేళ్ళు పట్టేది.

1973 లో బ్రెజిల్ ప్రభుత్వం ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టింది. మాంసపు పశువుల కేంద్రం కాంపో గ్రాండే ఊళ్ళో వచ్చింది. వాళ్ళు మొదట పట్టుకున్నది మట్టిని. సున్నం వేసి ఆమ్లం తగ్గించారు, భాస్వరం వేశారు. తర్వాత గడ్డి. బ్రాకియారియా అనేది ఆఫ్రికా గడ్డి. అందులో జింబాబ్వే నుంచి వచ్చిన ఒక రకాన్ని పరీక్షించి 1984 లో "మరందు" పేరుతో రైతులకి విడుదల చేశారు. అంతకుముందు వేసిన బ్రాకియారియా రకాన్ని ఒక రసం పీల్చే పురుగు నాశనం చేసేది. మరందు దానికి తట్టుకుంది. 1990 లలో మన రైతులకి కూడా తెలిసిన గినీ గడ్డిలో మేలైన రకాలు టాంజానియా, మొంబాసా పేర్లతో వచ్చాయి. మొక్కజొన్నతోపాటే గడ్డి విత్తనం చల్లి, కంకులు కోసుకున్నాక ఆ పొలాన్నే ఎండాకాలపు మేతగా వాడుకునే పద్ధతి కూడా తర్వాత వ్యాపించింది. మన వాళ్ళు వరిలో పిల్లిపెసర చల్లిన తెలివికి ఇది దగ్గర చుట్టమే!

చూడండి, ఎద్దు ఆంధ్రది, గడ్డి ఆఫ్రికాది, పరిశోధన బ్రెజిల్‌ది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా ఆ వ్యాపారం నిలవదు. 2023 లో బ్రెజిల్ పశువుల సంఖ్య 23.8 కోట్లు దాటింది. 2022 జనాభా లెక్కల్లో అక్కడి మనుషులు 20.3 కోట్లు. మనుషులకన్నా పశువులే ఎక్కువ. వాటిలో అధిక భాగం నెలోర్, లేదా నెలోర్ కలిసినవి.

మంద లెక్క

నేను బి.కాం. చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాదు. అందుకని నాకు తెలిసిన భాషలో, అంటే అంకెల్లో, ఒక ఉదాహరణ చెప్తాను. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే.

ఒకడి దగ్గర 100 ఆవులున్నాయి. ఒక్కో ఆవుకి ఏడాదికి మేత, ఉప్పు, మందు, కూలి కలిపి ఖర్చు 100 అనుకుందాం. మొత్తం 10,000. ఏడాదికి 50 దూడలు బతికి పాలు మానే వయసుకి వస్తే, ఒక్కో దూడ ఖరీదు 200 పడింది. అదే 80 దూడలు వస్తే ఒక్కోటి 125. జాతి మారలేదు, మార్కెట్టు ధర మారలేదు. దూడకి 75 మిగిలింది. ఎలా? ఈనని ఆవు కూడా మేస్తుంది కాబట్టి. ఖాళీ ఆవు ఖర్చంతా ఈనిన ఆవు దూడ మీద పడుతుంది.

రెండో లెక్క. ఏడాదికి 50 కోడెల్ని అమ్ముతున్నాడు. ఎనిమిది నెలలకి పాలు మానిన కోడె 54 నెలలకి అమ్మకానికి వస్తే, 46 నెలలు పొలంలో ఉండాలి. అంటే ఎప్పుడు వెళ్ళి చూసినా 192 కోడెలు మేస్తూ కనిపిస్తాయి. మంచి గడ్డితో 30 నెలలకే అదే బరువు వస్తే పొలంలో ఉండేవి 92. అమ్మకం అదే 50. కావలసిన గడ్డి నేల సగం. మనకి మంద పెద్దగా కనిపిస్తే రైతు ధనవంతుడనిపిస్తుంది. లెక్కలో అది అమ్ముడుపోని సరుకు, గోడౌన్‌లో నిల్వ.

బ్రెజిల్‌లో మంచి పెంపకందారులు చేసింది ఇదే. ఆవుల్ని ఏడాది పొడుగునా కాకుండా వానాకాలపు కొద్ది నెలల్లోనే కట్టించడం. అప్పుడు దూడలన్నీ ఒక వయసువి వస్తాయి, తల్లికి పాల అవసరం ఉన్న రోజుల్లోనే గడ్డి ఉంటుంది. ఆ నెలలు అయిపోయాక ప్రతి ఆవునీ పరీక్షించి చూడి లేనివాటిని మంద నుంచి తీసెయ్యడం. ఎండాకాలానికి ముందే పశువుల సంఖ్య తగ్గించి ఉన్న గడ్డికి సరిపెట్టడం. ఉప్పులో భాస్వరం కలిపి పెట్టడం. దూడ పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, పాలు మానినప్పుడు బరువు, ఏడాదికి బరువు రాయడం. జాతి వంశావళి రిజిస్టరు వాళ్ళు 1938 లోనే ఉబెరాబా ఊళ్ళో మొదలుపెట్టారు. వియాటినా-19 ధర ఆ పుస్తకంలోనుంచి వచ్చింది. పుస్తకం చింపేస్తే అది కూడా ఒక బలమైన తెల్ల ఆవు, అంతే.

భవానీపూర్ నుంచి చూస్తే

ఇంతకాలం మనం ఏం చేస్తున్నాం? నేను ఉంటున్న కలకత్తా నుంచే మొదలుపెడతాను. ఒకప్పుడు భవానీపూర్‌తో సహా ఈ నగరం నిండా "ఖటాల్"లు ఉండేవి, అంటే గోవాలాల పశువుల కొట్టాలు. హర్యానా వైపు నుంచి అప్పుడే ఈనిన మేలుజాతి ఆవుల్ని రైల్లో తెచ్చేవారు. నగరంలో నేల లేదు, మేత మొత్తం కొనాలి. పాలిచ్చినన్నాళ్ళు పిండుకుని, ఒట్టిపోయాక మళ్ళీ చూడి కట్టేదాకా మేపడం నష్టమని కసాయికి అమ్మేసి, ఇంకో ఆవుని తెచ్చుకునేవారు. దూడకి పాలు వదిలితే నష్టం, కాబట్టి దూడ మాడి చచ్చేది. పాలు చేపడానికి "ఫూకా" అనే క్రూరమైన పద్ధతి ఉండేది. గాంధీ గారు 1912 లో పాలు మానెయ్యడానికి ఒక కారణం ఈ విషయం మీద కలకత్తా నుంచి తనకి వచ్చిన రాతలేనని ఆత్మకథలో చెప్పుకున్నారు.

గోవాలా గోపూజ చెయ్యనివాడా? తప్పకుండా చేస్తాడు. వాడు దుర్మార్గుడూ కాదు. వాడి లెక్కలో ఏడాది లాభం ఉంది. కానీ దేశం లెక్కలో అది మూలధనం తినెయ్యడం. ఇంకా నాలుగైదు ఈతలు ఈనగల మేలైన ఆవు, దాని మేలైన పెయ్య రెండూ పోయాయి. మద్రాసుకి తోలిన మన ఒంగోలు ఆవుల గతీ ఇంతే అయ్యింది. ఒక జాతిలో మంచివన్నీ పట్నానికి పోయి అంతరిస్తే ఊళ్ళో మిగిలేవి ఎలాంటివి?

1928 లో లిన్‌లిత్‌గో అధ్యక్షతన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక ఇచ్చింది. అందులో చెప్పిన ఒక విషచక్రం చాలా ముఖ్యం. మేత చాలదు, కాబట్టి ఆవు సరిగ్గా కట్టదు, దూడ గిడసబారుతుంది. గిడసబారిన ఎద్దు దుక్కికి చాలదు, కాబట్టి రైతు ఇంకో రెండు ఆవులు పెంచుతాడు. పశువులు పెరుగుతాయి, మేత ఇంకా చాలదు. పరిస్థితి ఎంత అధ్వాన్నమైతే పశువుల సంఖ్య అంత పెరుగుతుంది! ఏ దేవుడి కోపమూ కాదిది, గుణకారం.

తర్వాత ఏమైందో ప్రకాశం జిల్లావాళ్ళకి చెప్పనక్కర్లేదు. జొన్న పోయి పొగాకు, పత్తి, మిరప వచ్చాయి. జొన్న చొప్ప మిగులుస్తుంది, పొగాకు మొడుగుని ఏ పశువూ ముట్టదు. బీళ్ళు ఆక్రమణ అయ్యాయి. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకి పని పోయింది. పొగాకు వేసిన రైతునీ ట్రాక్టరు కొన్న రైతునీ తప్పు పట్టను, వాళ్ళ లెక్క వాళ్ళకి సరైనదే. 2019 పశుగణన చూడండి. దేశంలో ఆవుజాతి పశువులు 19.25 కోట్లు. 2012 తో పోలిస్తే ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. రాష్ట్రాల్లో అందరికన్నా ఎక్కువ ఉన్నది పశ్చిమ బెంగాల్లో, 1.9 కోట్లు. దేశంలో వీధుల మీద వదిలేసిన పశువులు 50 లక్షలకు పైగా. మగదూడలు ఎక్కడికి పోయాయి అని ఎవరూ అడగరు. ఆ పద్దు రాయడం మనకి ఇష్టం లేదు.

ఒంగోలు గిత్తని ఇంకా శ్రద్ధగా మేపుతున్నవాళ్ళలో ముఖ్యులు బండలాగుడు పందేలవాళ్ళు. ఉలవలు ఎంత, పత్తిగింజలు ఎంత, ఏ ఎద్దు ఏ ఆబోతు సంతానం అన్నీ వాళ్ళకి నోటికి వచ్చు. గుంటూరు దగ్గర లాం ఫారంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. పని జరుగుతోంది. కానీ రైతు దొడ్లో బరువు తూచి రాసేవాడు లేకపోతే ఫారంలో రాసింది ఫారంలోనే ఉంటుంది.

పుస్తకం చెప్పే చేదు మాట

మన దేశంలో పశువు లెక్క సరిగ్గా రాసిన చోటు లేదా అంటే ఉంది. అది మిలిటరీ ఫారాలు. మొదటిది 1889 లో అలహాబాదులో పెట్టారు. సైనికులకి శుభ్రమైన పాలు ఇవ్వడానికి. స్వాతంత్ర్యం తర్వాత దేశంలో 130 ఫారాలు, 30 వేల పశువులు ఉండేవి. కృత్రిమ గర్భధారణ మన దేశంలో పాదుకోవడానికి ఇవి బాగా తోడ్పడ్డాయి. సాహివాల్, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ కలిపి ఫ్రీస్వాల్ అనే రకాన్ని తయారుచేశాయి. మేత ఎండుగడ్డి కూడా తామే పండించుకునేవి.

రక్షణ లెక్కల శాఖలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఫారం లెక్కలు చూసే అవకాశం నాకు వచ్చింది. ప్రతి జంతువుకీ ఒక నంబరు, ఒక పేజీ. ఎప్పుడు కట్టింది, ఎప్పుడు ఈనింది, ఎన్ని లీటర్లు, పుస్తక విలువ ఎంత, ఎందుకు తీసేశారు. దూడ పుడితే జమ, చస్తే ఖర్చు, రెండింటికీ సంతకం. ఎండుగడ్డి బేళ్ళు తూకం వేసి స్టాకులో చూపాలి. ఆవుకి దండం పెట్టే గుమస్తాలు అక్కడా ఉండేవారు, కానీ దండం పెట్టాక పేజీ నింపేవారు. నాకు నచ్చింది అది.

అయితే అదే పుస్తకం చివరికి ఏం చెప్పింది? పాలు బయట సహకార డెయిరీల దగ్గర కొనుక్కోవచ్చు, సొంత ఫారం అక్కర్లేదని. 2017 లో మూసెయ్యాలని ఆదేశాలొచ్చాయి, 2021 మార్చి 31 న ఢిల్లీలో జెండా దించారు. 132 ఏళ్ళ సంస్థ. బాధగానే ఉంటుంది. కానీ లెక్క రాయడం అంటే అది మనకి నచ్చని మాట చెప్పినప్పుడు కూడా వినడం.

బ్రెజిల్ పుస్తకానికి కూడా ఈ నియమం వర్తించాలి. వాళ్ళ లాభనష్టాల పట్టీలో ఒక పెద్ద ఖర్చు రాయలేదు. అమెజాన్ అడవి. అక్కడ నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల మేత నేల అయ్యింది. ఒకే గడ్డి లక్షల ఎకరాల్లో వేసి, ఎరువు వెయ్యకుండా మేపి మేపి పాడుచేసిన నేల కూడా చాలా ఉంది. నీరు నిలిచే చోట మరందు గడ్డి గుంపులు గుంపులుగా చచ్చింది. అడవి కొట్టకుండా, పాడైన బీడుకే మళ్ళీ సున్నం, భాస్వరం వేసి ఎకరాకి ఎక్కువ పశువుల్ని మేపండని వాళ్ళ శాస్త్రవేత్తలే చెప్తున్నారు. కాబట్టి బ్రెజిల్‌ని పూజించమని నేను అనడం లేదు. పూజ మానుకోమంటున్నాను, ఏదైనా సరే.

రాజ్యాంగంలో మూడు పనులు

"అయితే మనం కూడా మాంసానికి పెంచాలంటారా?" అని అడుగుతారు. ఎవరేం తినాలో నేను చెప్పను. చట్టాలు రాష్ట్రానికి ఒకరకం. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం గోవధని నిషేధించింది. ఇక్కడ పశ్చిమ బెంగాల్లో 1950 చట్టం ప్రకారం 14 ఏళ్ళు దాటి పనికిరానిదని ధ్రువపత్రం ఉంటే అనుమతి. కానీ 48 వ అధికరణాన్ని పూర్తిగా చదవండి. వ్యవసాయాన్నీ పశుపోషణనీ ఆధునిక శాస్త్రీయ పద్ధతిలో నడపాలి, జాతుల్ని కాపాడి మెరుగుపరచాలి, ఆవుల వధ ఆపాలి అని మూడు పనులు అందులో ఉన్నాయి. మన నాయకులకి మూడోది మాత్రమే గుర్తుంది. మొదటి రెండూ చెయ్యకుండా మూడోది చేస్తే ఆ 50 లక్షల వీధి పశువులే మిగులుతాయి.

మాంసం మాట పక్కన పెట్టినా గడ్డి లెక్క అదే, ఈత లెక్క అదే. పాలకి పెంచినా, దుక్కికి పెంచినా, పందేనికి పెంచినా ఖాళీ ఆవు ఖర్చు ఈనిన ఆవు మీదే పడుతుంది. రెండు ఎకరాల రైతు కూడా గట్ల మీద గినీ గడ్డి, కొద్ది సెంట్లలో సూపర్ నేపియర్, వరి మాగాణిలో పిల్లిపెసర వేసుకోవచ్చు. ఆవు ఎదకొచ్చిన తేదీ, కట్టించిన తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవచ్చు. దూడ ఛాతీ చుట్టుకొలతని టేపుతో కొలిస్తే బరువు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు, పంతులు గారూ అక్కర్లేదు.

దీనికి బదులు మన దగ్గర ఏం జరిగింది? 2021 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా "గో విజ్ఞాన" పరీక్ష పెడతామన్నారు. దేశీ ఆవు మూపురం సూర్యకిరణాల శక్తిని పట్టి పాలలోకి పంపుతుందని దాని పాఠ్యపుస్తకంలో రాశారు. శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పాక పరీక్ష వాయిదా పడింది. మూపురంలో ఉన్నది కండ, కొవ్వు. బ్రెజిల్‌లో దానికి "కుపిం" అని పేరు. నిప్పుల మీద కాల్చి తింటారు. మనం సూర్యనాడి వెతికిన చోట వాళ్ళకి వంట కనిపించింది. ఇద్దరికీ దొరికింది ఒకే ఒంగోలు మూపురం.

కరవది ఆబోతు ఇక్కడ ఉన్నప్పుడూ అదే, అక్కడికి పోయాకా అదే. అక్కడ దాని దూడల్ని తూచారు, రాశారు, మేపారు, పనికిరానివాటిని తీసేశారు. ఇక్కడ దాని అన్నదమ్ముల్లో ఏది ఎన్ని మంచి దూడల్ని ఇచ్చిందో చెప్పే కాగితం ఏ దొడ్లో ఉంది? నలభై కోట్ల వార్త చూసి గర్వపడే మిత్రులు ముందు ఆ కాగితం మొదలుపెట్టమని తమ ఊరి పశువుల ఆసుపత్రిని అడగాలి. జాతి గొప్పదే, అనుమానం లేదు. దాన్ని గొప్పగా ఉంచేది మాత్రం మన మేత, మన లెక్క.